మీరు పంపిన ఉత్తరానికి అంబత్తూరు నుంచి జవాబు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్ళకు, ప్లేస్‌మెంట్ విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

ఏటా డిసెంబరు వచ్చేసరికి నా బల్ల మీద మీ ఉత్తరాలు పేరుకుంటాయి. చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో, నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే విద్యార్థుల మంచిచెడ్డలు చూసే పని కూడా ఆరేళ్ళుగా నాదే. మీ ఉత్తరాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. పైన కళాశాల ముద్ర, దాని పక్కన గుర్తింపుల వరుస. మధ్యలో 'ఈ కింది విద్యార్థులను తమ సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు అనుమతించవలసిందిగా కోరుతున్నాము' అని ఒక వాక్యం. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: 'శిక్షణ కాలంలో జరిగే ఎలాంటి ప్రమాదానికీ, నష్టానికీ కళాశాల బాధ్యత వహించదు.'

ఇన్నేళ్ళూ మొదటి వాక్యానికే జవాబిస్తూ వచ్చాను. రెండో వాక్యానికీ జవాబు రాయాలని గత ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు అనిపించింది. ఇది ఆ జవాబు.

ఆ రోజు మా దగ్గర ఇంటర్న్‌గా ఉన్న ఒక అబ్బాయికి జ్వరం 103 దాటింది. గదిలోని పిల్లలు భయపడి నాకు ఫోను చేస్తే వెళ్ళి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. చేర్చుకునే ముందు నింపే కాగితంలో 'సంరక్షకుని పేరు, రోగితో సంబంధం' అని ఒక గడి ఉంటుంది. అతని తల్లిదండ్రులు వినుకొండ దగ్గర ఒక పల్లెలో ఉంటారు. ఉన్నపళంగా బయలుదేరినా మర్నాడు గాని చేరలేరు. మీలో ఒకరి ఉత్తరం మీదున్న నంబరుకు మూడుసార్లు చేశాను. అది కార్యాలయం ఫోను. సాయంత్రం 5 దాటాక ఎత్తేవారు లేరు. ఆ గడిలో నా పేరే రాశాను. సంబంధం అన్నచోట ఏమి రాయాలో తోచక కలం పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయి, చివరికి 'అక్క' అని రాశాను.

అతనికి తగ్గింది. వారం తిరక్కుండానే పనిలోకి వచ్చాడు. కానీ ఆ గడి నన్ను వదలలేదు. ఇంటికి వందల కిలోమీటర్ల దూరానికి మీరు పంపిన పిల్లవాడికి, ఈ ఊళ్ళో ఒక కాగితం మీద సంతకం పెట్టడానికి మనిషి లేడు. నేను మిమ్మల్ని అడిగేది చాలా చిన్నది. పంపే ముందు మీలో ఒకరు వచ్చి, పిల్లలు పనిచేయబోయే చోటూ పడుకోబోయే చోటూ కళ్ళతో చూడండి. పంపాక మరొక్కసారి రండి.

ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన ఇంటర్న్‌షిప్ విధానంలో, డిగ్రీ పూర్తయ్యేలోగా విద్యార్థి 600 నుంచి 700 గంటలు ఇంటర్న్‌షిప్ చేయాలని చెప్పింది. ఆ గంటల లెక్క మీకు కంఠస్థం. అదే పత్రంలో మూల్యాంకనం ఎలా జరగాలో కూడా ఉంది. సంస్థ ఒక అంచనా ఇవ్వాలి, అధ్యాపకుడు ఆ స్థలానికి వచ్చి చూసి ఒక అంచనా ఇవ్వాలి, ఆ తర్వాత కళాశాలలో సెమినారో మౌఖిక పరీక్షో జరగాలి. మొదటిది మేము ఇస్తున్నాము. మూడోది మీరు జరుపుతున్నారు. రెండోది ఎక్కడ? మా గేటు దగ్గర సందర్శకుల పుస్తకం ఒకటి ఉంటుంది. ఈ లేఖ రాయబోయే ముందు ఆరేళ్ళ పుస్తకాలు తెప్పించి చూశాను. మీ కళాశాలల నుంచి వచ్చి సంతకం చేసిన అధ్యాపకుడు ఒకే ఒక్కరు.

ఆయన వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. సొంత డబ్బుతో వచ్చారు. ఉదయం కర్మాగారంలో తన విద్యార్థులు నిలబడే యంత్రాల దగ్గరికి వెళ్ళి, దెబ్బ తగిలితే ముందు ఎవరికి చెప్పాలి, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంది అని అడిగారు. సాయంత్రం పిల్లల గదికి వెళ్ళారు. ఎనిమిది మందికి ఒక స్నానాలగది ఉండటం చూసి, ఇంటివారితో వచ్చీరాని తమిళంలో మాట్లాడి, మేడ మీది రెండోది కూడా తెరిపించారు. వెళ్ళేటప్పుడు తన నంబరు నాకూ, ఇంటివారికీ, మా కాపలా మనిషికీ రాసిచ్చారు. అంతకు మించి ఆయన చేసిందేమీ లేదు. ఆ జట్టులో ఒక్కరు కూడా మధ్యలో వెళ్ళిపోలేదు.

ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు మొదటి వారంలో ఎలా ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే వచ్చాను. మాది చీరాల. నాన్న నేత కార్మికుడు. 2014 మే నెలలో ఆరు వారాల శిక్షణ కోసం నన్ను వెంటబెట్టుకుని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరారు. ఒక సంచిలో నా బట్టలు, ఇంకో సంచిలో బియ్యం, గోంగూర పచ్చడి, కందిపొడి. మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగాము. చీకటి పడేదాకా మూడు హాస్టళ్ళు తిరిగాము. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న, 'ఇక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?' నాలుగో చోట వార్డెనమ్మ మా మొహాలు చూసి జాలిపడింది. నాన్న చొక్కా లోపలి జేబులోంచి, షావుకారు దగ్గర ముందుగా తెచ్చుకున్న డబ్బు తీసి, అడ్వాన్సు కింద నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చారు. మగవాళ్ళను లోపలికి రానివ్వరు గనుక ఆ రాత్రి స్టేషన్‌లోనే పడుకున్నారు. తెల్లవారి మళ్ళీ వచ్చి, హాస్టల్ గేటు అవతల నిలబడి, 'నిద్ర పట్టిందా అమ్మా' అని అడిగి, మగ్గం ఆగిపోతుందని వెళ్ళిపోయారు. ఆయన అలా వీధుల వెంట తిరగవలసిన అవసరం లేకుండా చేయడానికి కళాశాల నుంచి ఒక ఫోను, ఒక చిరునామా సరిపోయేవి.

అలాంటి తండ్రులను ఇప్పటికీ మా గేటు దగ్గర చూస్తూనే ఉన్నాను. లోపలికి రానిస్తారో లేదోనని దూరంగా, చెట్టు కింద నిలబడతారు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాము. అంబత్తూరు, కొరట్టూరు వైపు ముగ్గురు ఉండే గదిలో ఒక మంచానికి, రెండు పూటల తిండితో కలిపి, మా పిల్లలు నెలకు 6,500 రూపాయలు ఇస్తున్నారు. ముందుగా కట్టే అడ్వాన్సు 5,000. సేఫ్టీ షూ, రైలు సీజన్ టికెట్, సబ్బు, ఫోను రీచార్జి, రెండుసార్లు ఊరికి వెళ్ళిరావడం అన్నీ కలిస్తే నాలుగు నెలలకు 40,000 దాటుతుంది. మా సంస్థ ఇచ్చేది నెలకు 4,000. అది కూడా నెల గడిచి, మరుసటి నెల మధ్యలో చేతికి వస్తుంది. ఇది మా వైపు తప్పు. లోపల ఈ మాట చెబుతూనే ఉన్నాను. మీరూ కలిసి అడిగితే గాని కదలదు.

నెలాఖరు రోజుల్లో కొందరు పిల్లలు రాత్రిపూట అమ్మ ఉణవగానికి వెళతారని నాకు ఆలస్యంగా తెలిసింది. 2013లో చెన్నై నగరపాలక సంస్థ మొదలుపెట్టిన క్యాంటీన్లు అవి. రూపాయికి ఇడ్లీ, 3 రూపాయలకు పెరుగన్నం, 3 రూపాయలకే రెండు చపాతీలు. కూలి పని చేసుకునేవారి కడుపు నింపిన ఆ క్యాంటీన్లను నేను గౌరవిస్తాను. అక్కడ తినడం ఏ పిల్లవాడికీ చిన్నతనం కాదు. అయితే ఆ సెమిస్టరు రుసుము మీరు పూర్తిగా తీసుకున్నారు. ఆ నాలుగు నెలలూ అతను మీ తరగతి గదిలో కూర్చోలేదు, మీ ప్రయోగశాలలో అడుగు పెట్టలేదు. ఆ రుసుములోంచి ఒక అధ్యాపకుడి రైలు టికెట్టు, విద్యార్థి పేరు మీద ఒక ప్రమాద బీమా, మొదటి నెల గది అద్దెకు చేబదులు ఇవ్వలేరా?

2024 అక్టోబరులో కేంద్రం ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టినప్పుడు మా పిల్లలు చాలా ఆశపడ్డారు. నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000 ఇస్తామన్నారు. అప్పటి నిబంధనలు చదివితే పూర్తికాల చదువులో ఉన్నవారు అర్హులు కారని ఉంది. మీరు పంపుతున్నవారంతా పూర్తికాల విద్యార్థులే.

ఈ లెక్కలోంచే ఇంకొకటి పుడుతుంది. మీకు తెలియనిది కాదు. నాలుగు నెలలు చెన్నైలో ఉండటానికి 40,000 అయితే, ఊళ్ళోనే ఏదో ఒక కేంద్రంలో 5,000 కడితే ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. పదిహేను రోజులు ఫోనులో వీడియోలు చూస్తే చాలు, ఒక్కోచోట అదీ అక్కరలేదు. ఉద్యోగానికి వచ్చిన ఒక అబ్బాయిని ముఖాముఖి పరీక్షలో, ఇంటర్న్‌షిప్‌లో ఏ యంత్రం మీద పనిచేశావని అడిగాను. తల దించుకున్నాడు. బయటికి వెళ్ళాక మళ్ళీ లోపలికి వచ్చి, 'మేడమ్, మా చెల్లి కూడా చదువుతోంది. ఇద్దరిలో ఒక్కరినే బయటికి పంపగలమన్నారు ఇంట్లో' అని చెప్పి వెళ్ళాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ ఆ సర్టిఫికెట్‌ను చూసి, అది ఏమిటో తెలిసి, దానికి మార్కులు వేసినవారిని తప్పు పడతాను. మీరు ఒక్కసారి వచ్చి చూసే పద్ధతి ఉంటే ఆ కేంద్రాలు ఒక్క ఏడాది కూడా నిలవవు. చూడటానికి అక్కడ ఏమీ ఉండదు గనుక.

ఇంత ఖర్చుపెట్టి, ఇంత కష్టపడి ఇక్కడిదాకా రావడం ఎందుకు అని ఎవరైనా అడిగితే ఒక సంగతి చెబుతాను.

గత జనవరిలో చేరిన ఒక అమ్మాయికి షాఫ్టులు, అంటే గుండ్రటి ఉక్కు కడ్డీలు, కొలిచే పని అప్పగించాను. డ్రాయింగ్‌లో వ్యాసం 25 మిల్లీమీటర్లు. పైకి ఏమాత్రం పోకూడదు, కిందికి 0.013 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. గ్రైండింగ్ మిషను దగ్గర్నుంచి షాఫ్టు తెచ్చి, కొలత గదిలో మైక్రోమీటర్ పెట్టి చూసింది. 25.002 వచ్చింది. మళ్ళీ చూసింది, అంతే. తిరస్కరించినట్టు ఎర్ర చీటీ కట్టింది. ఆ మిషను మీద ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన వచ్చి, చీటీ చూసి, ఏమీ అనకుండా షాఫ్టును తీసి గ్రానైట్ రాయి మీద పెట్టారు. 'ఆరనీ పాపా, టీ తాగి రా' అన్నారు, తమిళంలో. అరగంట తర్వాత కొలిస్తే 24.996. షాఫ్టు మంచిదే. బయట పని జరిగే చోట అది 40 డిగ్రీల వేడిలో ఉంది. కొలత గదిని మేము 20 డిగ్రీల దగ్గర ఉంచుతాము. 25 మిల్లీమీటర్ల ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.006 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఆ అమ్మాయికి ఈ సూత్రం మొదటి ఏడాది నుంచే తెలుసు. పరీక్షలో రాసింది కూడా. చేతిలో ఉన్న షాఫ్టుకు ఆ సూత్రం వర్తిస్తుందని ఆ మధ్యాహ్నమే తెలిసింది. తన నోటు పుస్తకంలో ఆ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి, చుట్టూ గీత గీసుకుంది.

దీన్ని ఎవరూ 5,000 రూపాయలకు అమ్మలేరు.

ఇక ఆ 'బాధ్యత వహించదు' అన్న వాక్యం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం రాసుకుని వచ్చినవారికి పనిలో గాయమైతే యజమాని పరిహారం చెల్లించాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్రులైన అప్రెంటిస్‌లకు నెలకు కనీసం 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. అందులో సగం వరకు కేంద్రం భరించే ఏర్పాటు కూడా ఉంది. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారాలు చూసే అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి కార్యాలయం ఇక్కడే, తరమణిలో ఉంది. కానీ మీ ఉత్తరం ఒక్కటే పట్టుకుని వచ్చిన విద్యార్థి ఆ చట్టం దృష్టిలో అప్రెంటిస్ కాడు. జూన్‌లో పట్టా అందుకుని అప్రెంటిస్‌గా చేరినవాడికి ఉన్న రక్షణ, జనవరిలో అదే యంత్రం దగ్గర అదే పని నేర్చుకున్న విద్యార్థికి లేదు. చట్టం ఖాళీ వదిలిన చోట అతని తరఫున నిలబడవలసింది మీరు. మీరేమో ఆ ఖాళీలోనే, మాకు సంబంధం లేదని రాసి పంపుతున్నారు. ఆ వాక్యం తీసేయండి. దాని స్థానంలో మా సంస్థతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఎంత భృతి, ఏ తేదీన, ఎన్ని గంటల పని, ఏ యంత్రాల జోలికి వెళ్ళకూడదు, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. సంతకం పెట్టనన్న సంస్థకు పిల్లలను పంపకండి. మా సంస్థ అయినా సరే.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచెత్తింది. పారిశ్రామికవాడ చెరువైపోయింది. ముందే వచ్చిన అయిదుగురు విద్యార్థులు కింది అంతస్తు గదిలో ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. మోకాలి లోతు నీళ్ళలో నేనూ మా సహోద్యోగీ బ్రెడ్డు, నీళ్ళ సీసాలు తీసుకుని వెళ్ళేసరికి, వాళ్ళు పుస్తకాలూ సర్టిఫికెట్లూ అటక మీద పెట్టి, మంచాల మీద కూర్చుని ఉన్నారు. అయిదో తేదీన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడి పిల్లల కోసం అక్కడివారు, అక్కడివారి కోసం ఇక్కడి పిల్లలు, మధ్యలో మోగని ఫోన్లు. కరెంటు వచ్చాక తల్లిదండ్రులు చేశారు, మేనమామలు చేశారు, ఒకరి ఊరి పోస్టుమాస్టరు గారు కూడా చేశారు. కళాశాల నుంచి ఎవరూ చేయలేదు.

అమ్మాయిల విషయంలో మీలో చాలామందిది ఇంకో పద్ధతి. దూరం పంపితే మాట వస్తుందని, దగ్గర్లో ఏదో ఒకటి చూపించి సరిపెట్టేస్తారు. నన్ను ఆనాడు అలా ఆపి ఉంటే ఈ లేఖ ఉండేది కాదు. ఇక్కడ మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు 2021 మే నుంచి ప్రయాణం ఉచితం. ఏ రాష్ట్రమని ఎవరూ అడగరు. భాష గురించి కూడా బెంగపడనక్కరలేదు. తమిళం రాకపోయినా పది రోజుల్లో పనికి సరిపడా వస్తుంది, మా దగ్గర ఒడిశా, బిహార్ వాళ్ళతో హిందీ కూడా నడుస్తుంది. అమ్మాయిలకు కావలసింది ఇద్దరిద్దరిగా పంపడం, రాత్రి షిఫ్టు వేయకూడదని ఒప్పందంలో రాయడం, ముందుగా చూసి ఉంచిన గది. ఆపడం కాదు.

చెన్నై మనకు కొత్త ఊరేమీ కాదు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపశిల్పి కానూరి లక్ష్మణరావు గారు కంకిపాడు నుంచి వచ్చి గిండీ ఇంజినీరింగ్ కళాశాలలోనే చదువుకున్నారు. ఆ తరం పిల్లలు కూడా ఇల్లు వదిలి వచ్చి, ఎవరో ఒకరి ఆసరాతో ఇక్కడ నిలదొక్కుకున్నవారే. ఆ ఆసరా ఎవరికి దొరికితే వారికి దొరికినట్టు కాకుండా, కళాశాల చూసుకునే పనిగా మారాలని నా ఆశ. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాము. అడిగితే గది చూపించడానికి, రాత్రిపూట ఫోను ఎత్తడానికి వెనుకాడము. కానీ విద్యార్థి మీవాడు. ముందు అడుగు మీదే కావాలి.

వచ్చే జట్టు డిసెంబరు నెలాఖరుకు రావాలి. పిల్లలను పంపడానికి నెల ముందు, అంటే నవంబరులో, ఏ శనివారమైనా మీలో ఒకరు రండి. సెంట్రల్ పక్కనే సబర్బన్ స్టేషన్‌లో ఆవడి వైపు వెళ్ళే లోకల్ ఎక్కి పట్టరవాక్కంలో దిగాలి. నేను స్టేషన్ బయటే ఉంటాను. పని జరిగే చోటు చూశాక, సాయంత్రం కొరట్టూరులో మూడు గదులు చూపిస్తాను. సేఫ్టీ షూ లేకుండా లోపలికి ఎవరినీ రానివ్వరు, కాబట్టి బయలుదేరే ముందు మీ చెప్పుల సైజు చెప్పండి. ఒక జత గేటు దగ్గర పెట్టిస్తాను.

ఇట్లు,
అంబత్తూరు నుంచి, మీ పూర్వ విద్యార్థుల్లో ఒకరు